హైదరాబాద్ ఎఫ్‌సీ: కప్పు గెలిచిన సీజన్ మేలా, పాయింట్లు ఎక్కువ వచ్చిన సీజన్ మేలా?

ప్రశ్న: “అన్నా, మా వాట్సాప్ గ్రూపులో హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి గొడవ ఇప్పటికీ తెగడం లేదు. 2021-22లో కప్పు కొట్టాం కాబట్టి అదే బెస్ట్ సీజన్ అని సగం మంది అంటారు. 2022-23లో పాయింట్లు ఎక్కువ వచ్చాయి కాబట్టి అదే బెస్ట్ అని మిగతా సగం. అంత బాగా ఆడిన జట్టు ఆ మరుసటి ఏడాదే అట్టడుగుకు ఎలా పడిపోయింది? 2024-25లో కాస్త కోలుకున్నట్టు అనిపించింది, అది నిజమేనా? కొంచెం లెక్కలతో చెప్పండి.”

సమాధానం:

ముందు నా మాట చెప్పేస్తాను. జట్టుగా చూస్తే 2022-23 హైదరాబాద్ మెరుగైనది. కప్పు మాత్రం 2021-22 జట్టుది, దాని విలువ తగ్గించాల్సిన పని లేదు. మీ రెండో ప్రశ్నకు, అంటే మరుసటి ఏడాది కూలిపోవడానికి, జవాబు పాయింట్ల పట్టికలో దొరకదు. అది వేరే చోట వెతకాలి.

నేను హైదరాబాద్‌లో కుర్రాళ్లకు ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను. ఈ క్లబ్ 2019లో మొదలైనప్పటి నుంచి ప్రతి మ్యాచ్ స్కోరూ ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ అందులోంచి తీసినవే.

రెండు సీజన్లను పోల్చేటప్పుడు అభిమానులు మామూలుగా చేసేది ఒకటే. “పోయినేడు పది మ్యాచ్‌లకు ఇన్ని పాయింట్లు, ఈ ఏడు పది మ్యాచ్‌లకు ఇన్ని” అంటారు. ఆ పది మ్యాచ్‌లు ఎవరితో ఆడామో చూడరు. పోయినేడు మొదట్లోనే బలమైన జట్లన్నీ తగిలి ఉండొచ్చు, ఈ ఏడు అవి చివర్లో రావచ్చు. కాబట్టి ప్రత్యర్థి వారీగా పోల్చాలి. ఫలానా జట్టు మీద పోయినేడు రెండు మ్యాచ్‌ల్లో ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నాం, ఈ ఏడు ఎన్ని? ఇంగ్లండ్‌లాంటి చోట ఏటా మూడు జట్లు కింది డివిజన్‌కు దిగిపోయి మూడు కొత్తవి వస్తాయి, కాబట్టి అక్కడ ఈ లెక్క పూర్తిగా కుదరదు. మనకు ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. 2021-22లోనూ 2022-23లోనూ ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, ఉన్నవి అవే 11 క్లబ్బులు. ప్రతి జట్టూ మిగతా పదింటితో రెండేసి సార్లు ఆడింది. అంటే 20 మ్యాచ్‌లకు 20 మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టుకోవచ్చు.

ఒక్క తేడా ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి. 2021-22 సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది. ఆటగాళ్లు బయో బబుల్‌లో ఉన్నారు, లీగ్ మ్యాచ్‌లకు ప్రేక్షకులు లేరు. సొంత మైదానం, బయటి మైదానం అన్న మాటకే అర్థం లేదు. 2022-23లో మళ్లీ గువాహటి, కోల్‌కతా, జంషెడ్‌పూర్, కొచ్చి తిరగాల్సి వచ్చింది. అదే సమయంలో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మన జనం ముందు ఆడే అవకాశమూ దొరికింది. ప్రయాణాల అలసట అన్ని జట్లకూ ఉంటుంది కాబట్టి దాన్ని సాకుగా చూపించను. కానీ అన్ని ఊళ్లు తిరిగి తెచ్చుకున్న పాయింట్లకు నా దృష్టిలో కాస్త ఎక్కువ బరువుంది.

ఇప్పుడు అంకెలు. 2021-22లో 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు, 38 పాయింట్లు. 2022-23లో 13 గెలుపులు, 3 డ్రాలు, 4 ఓటములు, 42 పాయింట్లు. రెండుసార్లూ రెండో స్థానమే. కొట్టిన గోల్స్ 43 నుంచి 36కి తగ్గాయి, ఇచ్చిన గోల్స్ 23 నుంచి 16కి తగ్గాయి. తీసివేసి చూడండి. రెండు సీజన్లలోనూ గోల్ తేడా సరిగ్గా ప్లస్ 20. ఏడు గోల్స్ తక్కువ కొట్టారు, ఏడు గోల్స్ తక్కువ ఇచ్చారు. తేడా ఒక్కటే అయినా పాయింట్లు నాలుగు పెరిగాయి.

మీ గ్రూపులో తప్పకుండా ఎవరో ఒకరు “2022-23లో ఎటాక్ పడిపోయింది” అని ఉంటారు. ఏడు గోల్స్ తగ్గాయి కదా, మామూలుగా చూస్తే అలాగే అనిపిస్తుంది. ప్రత్యర్థి వారీగా విడదీస్తే ఆ మాట నిలబడదు. 2021-22లో ఒడిశాను 6-1తో, 3-2తో ఓడించాం. ఒక్క ఒడిశా మీదే తొమ్మిది గోల్స్. మరుసటి ఏడాది అదే ఒడిశా మీద ఒకసారి 1-0తో గెలిచాం, ఒకసారి 1-3తో ఓడిపోయాం. తొమ్మిది నుంచి రెండుకు. అంటే సీజన్ మొత్తం మీద తగ్గిన ఏడు గోల్స్‌కు సమానమైన తగ్గుదల ఈ ఒక్క జట్టు దగ్గరే ఉంది. మిగతా తొమ్మిది జట్ల మీద కొట్టినవన్నీ కలిపితే రెండు సీజన్లలోనూ 34. ఒక్క గోల్ కూడా తేడా లేదు. 6-1 లాంటి స్కోరు ఒకటి పడితే సీజన్ సగటంతా పైకి లేస్తుంది, మరుసటి ఏడాది ఏదో లోటు వచ్చినట్టు కనిపిస్తుంది. పోల్చే ముందు అలాంటి పెద్ద స్కోర్లను పక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.

బలహీనమైన జట్ల మీద పాయింట్లు దండుకున్నారని ఇంకో వాదన ఉంటుంది. 2022-23లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ సీజన్ మొత్తానికి తెచ్చుకున్నవి 5 పాయింట్లే. అలాంటి జట్టు ఉండగా 42 పాయింట్లు గొప్పా అని అడగొచ్చు. కానీ నార్త్‌ఈస్ట్ మీద 2021-22లోనూ మనం ఆరుకు ఆరూ తీసుకున్నాం, 5-1, 5-0 స్కోర్లతో. 2022-23లో 3-0, 6-1. పాయింట్లలో మార్పు సున్నా. బెంగళూరు మీద కూడా రెండేళ్లూ ఆరేసి పాయింట్లు, కేరళ బ్లాస్టర్స్ మీద రెండేళ్లూ మూడేసి. మార్పు వచ్చింది వేరే జట్ల దగ్గర. చెన్నైయిన్ మీద 1 పాయింట్ కాస్తా 4 అయింది. ఈస్ట్ బెంగాల్ మీద 4 నుంచి 6. గోవా మీద 4 నుంచి 6. మోహన్ బగాన్ మీద 1 నుంచి 3. జంషెడ్‌పూర్ మీద కూడా 1 నుంచి 3.

జంషెడ్‌పూర్ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. 2021-22లో 43 పాయింట్లతో లీగ్ షీల్డ్, అంటే పాయింట్ల పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే ట్రోఫీ, గెలిచింది వాళ్లే. మనల్ని ఒకసారి 1-1తో ఆపారు, ఒకసారి 3-0తో చిత్తు చేశారు. ఆ సీజన్ అయ్యాక కోచ్ ఓవెన్ కోయిల్ వెళ్లిపోయాడు, ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడైన గ్రెగ్ స్టీవర్ట్ ముంబయికి మారాడు. మరుసటి ఏడాది జంషెడ్‌పూర్ 11 జట్లలో పదో స్థానంలో నిలిచింది. కాబట్టి వాళ్ల మీద మనకు పెరిగిన రెండు పాయింట్లను మన గొప్పగా నేను లెక్కవేయను. పైగా ఆ బలహీనపడిన జంషెడ్‌పూర్ చేతిలోనే మనం 2-3తో ఓడాం. షీల్డ్ గెలిచిన జట్టు ఒక్క ఏడాదిలో ఇలా జారిపోవడం మన కళ్ల ముందే జరిగింది. అప్పుడు దాన్ని వాళ్ల కథ అనుకున్నాం.

పాయింట్లు తగ్గింది రెండే చోట్ల. ఒడిశా మీద 6 నుంచి 3, ముంబయి సిటీ మీద 6 నుంచి 2. ఈ ముంబయి లెక్కే 2022-23 సీజన్‌కు కీలకం. 2021-22లో ముంబయిని 3-1తో, 2-1తో రెండుసార్లూ ఓడించాం. ఆ రెండో గెలుపుతో ముంబయి టాప్ 4 ఆశ పోయింది, ఆ చోటు కేరళ బ్లాస్టర్స్‌కు దక్కింది. ఆ కేరళే ఫైనల్లో మనకు ఎదురొచ్చింది. 2022-23లో అదే ముంబయితో 3-3, 1-1. సీజన్ చివరికి ముంబయికి 46, మనకు 42. ఆ రెండు డ్రాలూ మన గెలుపులై ఉంటే మనకు 46, వాళ్లకు 44 అయ్యేవి. షీల్డ్ హైదరాబాద్‌కు వచ్చేది. ఒక్కటే గెలిచి ఉంటే 44, 45తో ఒక్క పాయింట్ తేడాతో పోయేది. ముంబయి ఆ ఏడు మొదటి 18 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. అలాంటి జట్టు వెనకాల నాలుగు పాయింట్ల దూరంలో నిలవడం, మూడో స్థానంలో ఉన్న జట్టు కంటే ఎనిమిది పాయింట్లు ముందు ఉండటం చిన్న విషయం కాదు. 2021-22లో మూడో స్థానంలోని బగాన్‌కూ మనకూ తేడా ఒక్క పాయింటే.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది డిఫెన్స్. రెండు సీజన్లలోనూ ఒక్క గోల్ తేడాతో గెలిచిన మ్యాచ్‌లు ఆరేసి. 2021-22లో ఆ ఆరింటిలో 1-0 స్కోరు ఒక్కటే ఉంది, మిగతావి 2-1, 3-2. అంటే ఎదుటివాడు ఒకటో రెండో కొట్టాడు, మనం ఇంకొకటి ఎక్కువ కొట్టాం. 2022-23లో ఆ ఆరూ 1-0లే. బగాన్, జంషెడ్‌పూర్, కేరళ, బెంగళూరు, ఒడిశా, గోవా. ఒక గోల్ కొట్టి, మిగతా సమయమంతా తలుపులు మూసేశారు. 2021-22 లీగ్‌లో గోల్ ఇవ్వకుండా ముగించిన మ్యాచ్‌లు మూడే. 2022-23లో పది. మూడు నుంచి పదికి వెళ్లడమంటే ఏమిటో కోచింగ్ ఇచ్చేవాళ్లకు బాగా తెలుసు. స్ట్రైకర్ ఫామ్ ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. డిఫెన్స్ ఇలా కుదిరిందంటే అది రోజూ పొద్దున చేసిన సాధన.

ఇంకో విషయం గమనించండి. 2021-22లో సెమీస్, ఫైనల్ కలిపి జట్టు కొట్టిన గోల్స్ 47. అందులో 18 మన స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఒగ్బెచేవి, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే గోల్డెన్ బూట్ అతనిదే. మొత్తంలో 38 శాతం ఒక్కడి కాళ్ల మీద ఆధారపడ్డాం. మరుసటి ఏడాది అతను కొట్టింది 10, అంటే 36లో 28 శాతం. అప్పటికి అతని వయసు 38. అతని గోల్స్ దాదాపు సగానికి పడిపోయినా పాయింట్లు పెరిగాయంటే, జట్టు ఒక్కడి మీద ఆధారపడటం తగ్గించుకుంది. దీన్ని నేను ఎదుగుదల అంటాను.

కప్పు గెలిచిన సీజనే మేలు అనే మిత్రులకు న్యాయం చేయాలంటే ప్లేఆఫ్స్, అంటే లీగ్ అయ్యాక కప్పు కోసం జరిగే మ్యాచ్‌లు, కూడా పక్కపక్కన పెట్టాలి. రెండేళ్లూ సెమీస్‌లో ఎదురైంది బగానే. 2021-22లో సెమీస్ మొదటి మ్యాచ్ 3-1తో గెలిచాం, రెండోది 0-1తో ఓడాం, మొత్తం మీద 3-2తో ఫైనల్‌కు వెళ్లాం. లీగ్‌లో వాళ్లతో 2-2, 1-2. ఆ 2-2 మ్యాచ్‌లో బగాన్ ఆటగాడు డేవిడ్ విలియమ్స్ 12 సెకన్లకే గోల్ కొట్టాడు, గుర్తుందా? ఆ ఏడాది బగాన్‌తో నాలుగు మ్యాచ్‌ల్లో మనం ఆరు కొట్టాం, వాళ్లూ ఆరు కొట్టారు. 2022-23లో అదే బగాన్‌తో లీగ్‌లో 0-1, 1-0, సెమీస్‌లో 0-0, 0-0. ఎక్స్‌ట్రా టైమ్‌తో కలిపి 390 నిమిషాల్లో ఇరువైపులా ఒక్కో గోల్. సెమీస్ 210 నిమిషాల్లో మన గోల్‌పోస్ట్‌లోకి బంతి వెళ్లలేదు. పెనాల్టీ షూటౌట్‌లో 3-4తో ఓడి బయటికి వచ్చేశాం. కప్పు గెలిచిన ఏడాది ప్లేఆఫ్స్‌లో మూడు గోల్స్ ఇచ్చాం. గెలవని ఏడాది ఒక్కటీ ఇవ్వలేదు.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్ కూడా షూటౌట్‌తోనే తేలింది. కేరళకు రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో 1-1 అయింది. ఆ తర్వాత మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపాడు, 3-1తో కప్పు మనది. ప్రేక్షకులను అనుమతించిన ఆ మ్యాచ్‌లో స్టేడియం నిండా కేరళ అభిమానులే ఉన్నారు. పసుపు జెర్సీ మనది, వాళ్లు నలుపు వేసుకున్నారు, అయినా స్టాండ్స్‌లోని పసుపంతా వాళ్లదే. ఆ వాతావరణంలో వెనకబడి, 88వ నిమిషంలో సమం చేసి, అంత ప్రశాంతంగా పెనాల్టీలు ఆపడం సామాన్యమైన పని కాదు. “అదృష్టం కొద్దీ గెలిచారు” అనేవాళ్లతో నేను ఏకీభవించను. పెనాల్టీలు ఆపడం కూడా ఆటలో భాగమే, కట్టిమణి ఆ రాత్రి ఆ పని అందరికంటే బాగా చేశాడు. నేను అనేది ఒక్కటే: మూడు రాత్రుల ఫలితంతో 20 మ్యాచ్‌ల ఆటను కొలవకూడదు. ఆ మూడు రాత్రుల సంతోషం దేనికి దానికే గొప్పది.

అసలు ఈ రెండు సీజన్లూ ఎక్కడి నుంచి మొదలయ్యాయో కూడా చూడాలి. 2019-20లో మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, 39 గోల్స్ ఇచ్చాం, చిట్టచివరి స్థానం. మరుసటి ఏడాది కోచ్‌గా మానోలో మార్కెజ్ వచ్చాడు. 20 మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 19కి తగ్గాయి. 6 గెలుపులు, 11 డ్రాలు, 3 ఓటములతో 29 పాయింట్లు. సెమీస్‌కు రెండు పాయింట్ల దూరంలో ఐదో స్థానం. మార్కెజ్ మూడేళ్లలో ఓటములు వరుసగా 3, 4, 4. అంటే ఓడకుండా ఉండటం మొదటి ఏడాదే నేర్చుకున్నాం. తర్వాతి రెండేళ్లలో చేసిందల్లా డ్రాలను గెలుపులుగా మార్చుకోవడం. 11 డ్రాలు 5 అయ్యాయి, తర్వాత 3 అయ్యాయి. 2020-21 నుంచి 2021-22కు ఓటములు ఒకటి పెరిగినా పాయింట్లు తొమ్మిది పెరిగాయి. సీజన్లను పోల్చేటప్పుడు మనం గెలుపులనూ ఓటములనూ చూస్తాం, డ్రాల గడి వైపు చూడం. ఈ క్లబ్ ఎదుగుదలంతా ఆ గడిలోనే కనిపిస్తుంది.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక గెలుపు, చెన్నైలో చెన్నైయిన్ మీద 1-0. 5 డ్రాలు, 16 ఓటములు, 8 పాయింట్లు. 12 జట్లలో చివరి స్థానం. కొట్టిన గోల్స్ 10, ఇచ్చినవి 43. కప్పు గెలిచిన ఏడాది లీగ్‌లో మనం కొట్టినవి 43, రెండేళ్ల తర్వాత మనకు పడ్డవీ 43. ఆ ఏడాది మ్యాచ్‌ల సంఖ్య మారింది కాబట్టి సగటు వేసి చూడండి. మ్యాచ్‌కు 2.1 పాయింట్ల నుంచి 0.36కి పడిపోయాం.

2022-23 మ్యాచ్‌లను ఎంత గాలించినా ఈ పతనానికి సూచన కనిపించదు. ప్రతి అంకె మెరుగ్గానే ఉంది. కారణం మైదానం బయట ఉంది. జీతాల బకాయిల విషయం అప్పటికే వార్తల్లోకి వచ్చింది. తర్వాత బకాయిల కేసుల్లో ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పెట్టింది. అంటే ఉన్నవాళ్లు వెళ్లిపోతారు, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను రిజిస్టర్ చేసుకోవడానికి వీలుండదు.

వెళ్లిపోయినవాళ్ల విషయంలో మనలో చాలామందికి ఒక ధీమా ఏర్పడింది. 2021లో లిస్టన్ కొలాసో బగాన్‌కు వెళ్లాడు, అయినా మరుసటి ఏడాది కప్పు గెలిచాం. 2022లో ఆశిష్ రాయ్ కూడా బగాన్‌కే వెళ్లాడు, హువానన్ డిఫెన్స్ నుంచి తప్పుకున్నాడు, అయినా పాయింట్లు పెరిగాయి. నిఖిల్ పూజారి రైట్ బ్యాక్‌గా సర్దుకున్నాడు, ఓదెయ్ ఒనైందియా వచ్చి చింగ్లెన్‌సనా పక్కన నిలబడ్డాడు. ఏటా ఒకరిద్దరు పోయినా ఈ జట్టుకు ఏమీ కాదు అనుకున్నాం. ఒకరిద్దరు పోయినప్పుడు మిగిలిన తొమ్మిది మంది కొత్తవాడికి ఆట నేర్పుతారు. 2023లో ఒకరిద్దరు కాదు, చాలామంది ఒకేసారి వెళ్లిపోయారు. కోచ్ మార్కెజ్ గోవాకు వెళ్లాడు. ఆకాశ్ మిశ్రా ముంబయికి, ఓదెయ్ గోవాకు, హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకు, సివెరియో, బోర్హా ఎరేరా ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు. ఒగ్బెచే కూడా వెళ్లిపోయాడు. కొత్త కోచ్ కానర్ నెస్టర్ ఎక్కువ కాలం ఉండలేదు, బాధ్యత తంగ్‌బోయ్ సింగ్టో మీద పడింది. మిగిలిన చింగ్లెన్‌సనా, పూజారి కూడా జనవరిలో బెంగళూరుకు వెళ్లారు. ఆ తర్వాత మైదానంలోకి దిగింది దాదాపు అంతా మన దేశపు కుర్రాళ్లే. అబ్దుల్ రబీ, అలెక్స్ సాజీ, మకన్ చోటే లాంటివాళ్లు నాలుగేసి విదేశీ ఆటగాళ్లున్న జట్లతో వారం వారం ఆడారు. ఆ పిల్లలను చాంపియన్ జట్టుతో పోల్చి తిట్టినవాళ్లను చూస్తే నాకు చాలా బాధేసింది. వాళ్లు తెచ్చిన ఆ కాసిని పాయింట్లకు ఎంత చెమట పోశారో ఆ మ్యాచ్‌లు కూర్చుని చూసినవాళ్లకు తెలుసు.

అందుకే మీ గ్రూపులో ఏ క్లబ్ గురించైనా ఇలా రెండు సీజన్లు పోల్చుకునేటప్పుడు ఒక గడి అదనంగా గీసుకోమంటాను. పోయిన సీజన్‌లో ఎక్కువ నిమిషాలు ఆడిన 11 మంది పేర్లు రాయండి. వాళ్లలో ఈ సీజన్ మొదటి మ్యాచ్‌కు ఎంతమంది ఉన్నారో గుర్తుపెట్టండి. కోచ్ ఉన్నాడా లేదా, జీతాలు అందుతున్నాయా లేదా, కొత్తవాళ్లను తీసుకునే వీలుందా లేదా రాసుకోండి. ఎనిమిది, తొమ్మిది మంది ఉండి కోచ్ కూడా ఉంటే పోయిన ఏడాది అంకెలతో ఈ ఏడాదిని పోల్చడానికి అర్థం ఉంటుంది. నలుగురైదుగురే మిగిలితే అది పాత జెర్సీ వేసుకున్న కొత్త జట్టు. దాని లెక్క మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇక మూడో ప్రశ్న. 2024-25లో కొత్త యాజమాన్యం వచ్చింది, విదేశీ ఆటగాళ్లు మళ్లీ వచ్చారు. 24 మ్యాచ్‌ల్లో 4 గెలుపులు, 6 డ్రాలు, 14 ఓటములు, 18 పాయింట్లు. 13 జట్లలో 12వ స్థానం. మధ్యలో సింగ్టో తప్పుకున్నాడు, షమీల్ చెంబకత్ బాధ్యత తీసుకున్నాడు. 8 నుంచి 18కి అంటే రెట్టింపు దాటింది, సగటున చూసినా 0.36 నుంచి 0.75. మీకు కోలుకున్నట్టు అనిపించడం సహజమే. ఎటాక్ విషయంలో అది నిజం. కొట్టిన గోల్స్ 10 నుంచి 22 అయ్యాయి. ఇచ్చిన గోల్స్ చూడండి: 22 మ్యాచ్‌ల్లో 43, తర్వాత 24 మ్యాచ్‌ల్లో 47. మ్యాచ్‌కు రెండేళ్లూ దాదాపు రెండు గోల్సే. డిఫెన్స్ అంగుళం కూడా కదల్లేదు. మార్కెజ్ మొదటి ఏడాది చేసిన మొదటి పని ఇచ్చే గోల్స్‌ను సగానికి పైగా తగ్గించడం, ఆ పని 2024-25లో మొదలు కాలేదు. సగం కోలుకున్నారు అంటే సరిపోతుంది.

ఆ మిగతా సగం ఎలా ఉండేదో చూసే అవకాశం మనకు రాలేదు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. వాళ్ల అంకెలను మన పట్టిక కింద కలపాలా అని మీ గ్రూపులో ఎవరైనా అడిగితే వద్దనే చెప్పండి. హైదరాబాద్ పేరుతో ఆడినవి ఆరు సీజన్లు, 124 లీగ్ మ్యాచ్‌లు, 145 పాయింట్లు. అందులో మార్కెజ్ ఉన్న 60 మ్యాచ్‌ల్లో వచ్చినవి 109, మిగతా 64 మ్యాచ్‌ల్లో 36.